వసారా వరకే

ఫోను నూరు శాతం నిండి అరగంట దాటింది, అయినా జానకిరామ్ దాన్ని ప్లగ్గు నుంచి తీయలేదు. తీస్తే లేవాలి. లేస్తే, వెనక కుర్చీలో ఛార్జరు చేత్తో పట్టుకుని వంతు కోసం చూస్తున్న ముసలాయనకి చోటివ్వాలి. ఇచ్చాక ఇంటికి పోవాలి. ఇంటికి పోతే కృపారావు వచ్చే వేళకి తను ఇక్కడుండడు, ఉండకపోతే చెప్పాల్సింది చెప్పడు, నిన్నా ఇలాగే చెప్పకుండా పోయాడు. అందుకని తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ నూరు అనే అంకె ఎవరికీ కనబడకుండా, మూడింటి నుంచీ అలాగే కూర్చున్నాడు. కృపారావు రోజూ నాలుగింటికి వస్తాడు. సంగతి చెప్పుకోవాలంటే చాలా చిన్నది. తుఫాను వచ్చి ఆరు రోజులైంది, ఈ ఐరిష్ ఊరు అత్లోన్ చుట్టుపక్కల సగం ఇళ్ళకి ఇంకా కరెంటు లేదు, జానకిరామ్ ఇంటికి మాత్రం రెండో రోజు సాయంత్రమే వచ్చేసింది. ఆ ముక్క అతనికీ, భార్య సత్యవాణికీ, పదేళ్ళ కొడుకు నిఖిల్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియదనే అతను అనుకుంటున్నాడు. ఇవాళ బయల్దేరే ముందు వెచ్చటి వంటింట్లో కూర్చుని, ఫోన్లో పాత కామెడీ సీన్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, బ్యాటరీని ఇరవై మూడుకి అరగదీసుకుని మరీ వచ్చాడు. ఒక్క సీనుకీ నవ్వు రాలేదు. నిండిన ఫోనుతో ఛార్జింగు క్యూలో నిలబడితే బావుండదు కదా మరి.

ఊరి చివర జి.ఎ.ఎ. అనే ఆటల క్లబ్బు హాలిది, మామూలు రోజుల్లో పిల్లలు హర్లింగ్ కర్రలు పట్టుకుని బురద బూట్లతో తిరిగే చోటు. ఇప్పుడు గోడ పొడుగునా మడత బల్లలు వేసి ఎక్స్‌టెన్షన్ బోర్డులు పరిచారు. బయట జెనరేటరు రొద, లోపల తడి కోట్ల వాసన, బంగాళాదుంప సూపు వాసన. కిటికీలోంచి చూస్తే షానన్ నది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు, పచ్చిక బీళ్ళన్నీ నీళ్ళే, కంచె గుంజల తలలు మాత్రం వరసగా పైకి తేలి ఉన్నాయి. ఆ నీళ్ళకవతల, క్లోనోన్ వైపు, పొలాల మధ్య ఒంటరిగా ఉన్న పాత అద్దింట్లో ఉంటారు కృపారావు వాళ్ళు. కృపారావు ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి మందులిచ్చే కేరరు. భార్య మార్తా నర్సింగ్ హోములో నర్సు. వాళ్ళకి ఎనిమిదేళ్ళ పాప, పేరు ప్రెయిస్, చలికాలం వస్తే పిల్లికూతల దగ్గు. ఆ ఇంటికి నీళ్ళు బోరు మోటారు నుంచి రావాలి, కనక కరెంటు లేకపోతే వెలుతురూ లేదు, వేడీ లేదు, నీళ్ళూ లేవు. ఆరు రోజులుగా ముగ్గురూ ఒకే గదిలో కోట్లు వేసుకునే పడుకుంటున్నారని మొన్న ఎవరో ఈ బల్ల దగ్గరే అంటుంటే జానకిరామ్ అయ్యో అన్నాడు. ఆ అయ్యో నిజంగానే వచ్చింది, అదే అతనికి ఎక్కువ సిగ్గు.

"జానకీ, యూ ఓకే దేర్?" అని అవతలి బల్ల నుంచి బ్రీడా పలకరించింది. బడిపంతులమ్మగా రిటైరైన పెద్దావిడ, ఈ హాలుకి ఆవిడే అధికారి. అతని పేరు మొత్తం పలకలేక సగంలో ఆపేస్తుంది, అలా ఆపితే ఆడపేరవుతుందని ఆవిడకి తెలియదు, అతనూ ఎప్పుడూ చెప్పలేదు. గ్రాండ్ అన్నాడు. ఇక్కడికొచ్చిన పదకొండేళ్ళలో బాగా వంటబట్టిన మాట అదొక్కటే, కడుపులో ఏమున్నా పైకి గ్రాండ్. ఆవిడ చేతిలో అట్టకి గుచ్చిన కాగితం అతను తయారుచేసిందే. శుక్రవారం తెల్లవారుజామున గాలి ఊళ మొదలై, చెట్లు విరిగి, వంతెన కింద నీరు పొంగి, ఊరంతా చీకటైపోగానే అతను చేసిన మొదటి పని అది. ఫోన్లో మిగిలిన కాస్త ఛార్జింగుతోనే ఊళ్ళోని ఇరవై ఏడు తెలుగు కుటుంబాలకీ ఒక షీటు తెరిచాడు. పేరు, ఇంటి కోడు, పిల్లలెందరు, మందుల అవసరం ఉందా, కరెంటుందా లేదా. చివరి గడిలో ఉంటే వై, లేకపోతే ఎన్. ఎన్ ఎర్రగా, వై పచ్చగా, పైన ఇంకా ఎన్ని ఎన్‌లున్నాయో దానంతటదే లెక్క. తెలుగు గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. బ్రీడా అయితే మీ వాళ్ళ లిస్టు ఉన్నట్టు మా వాళ్ళ లిస్టు కూడా ఉంటే బావుండు అంది. ఆ షీట్లో నాలుగో వరస అతనిది. శుక్రవారం అతనే రాశాడు ఎన్ అని, నిజమే రాశాడు. శనివారం సాయంత్రం నాలుగున్నర తర్వాత అది అబద్ధమైంది, అంతే, రాసింది మారలేదు, లోకం మారింది. ఇలాంటి సమర్థింపులు ఈ నాలుగు రోజుల్లో చాలా తయారుచేసుకున్నాడు, ఒక్కటీ రెండో గుక్క కాఫీ దాకా నిలబడలేదు.

ఇవాళ పొద్దున్నే మెయిలొచ్చింది. లెపర్డ్స్‌టౌన్‌లో పెద్ద కంపెనీ, టీమ్ లీడు ఉద్యోగం, నాలుగు రౌండ్లు దాటి ఆఖరిది సోమవారం పదింటికి వీడియోలో అయింది. అభినందనలు అని మొదలైంది మెయిలు. రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట అది, చదివి ఫోను బోర్లా పెట్టేశాడు. ఎందుకంటే ఆ ఇంటర్వ్యూలో, మీ అంతట మీరు పూనుకుని బాధ్యత తీసుకున్న సందర్భం ఒకటి చెప్పండి అని అడిగారు. చెప్పాడు. ఏం చెప్పాడు, ఆ షీటు గురించే చెప్పాడు. తుఫాను, ఇరవై ఏడు కుటుంబాలు, ఎరుపు, పచ్చ. అవతలున్న ఇద్దరూ ముందుకు వంగి విన్నారు. మరి మీకు కరెంటుందా అని వాళ్ళలో ఒకావిడ జాలిగా అడిగింది. వియ్ ఆర్ మేనేజింగ్ అన్నాడు. దాన్ని అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ మాట అన్నప్పుడు పాదాల దగ్గర రేడియేటరు వెచ్చగా ఉంది, పక్కగదిలో నిఖిల్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని గేమాడుకుంటున్నాడు. ఆ పిల్లాడికి శనివారమే చెప్పాడు, ఎవరడిగినా లేదనే అను అని. వాడు ఒక్క క్షణం మొహంలోకి చూసి సరేనన్నాడు. అప్పట్నుంచీ "ఆర్ వీ స్టిల్ సేయింగ్ నో, డాడ్?" అని రోజూ పొద్దున్నే అడుగుతున్నాడు, ఇవాళ వాతావరణమెలా ఉంది అన్నట్టుగా. కొడుక్కి ఎక్కాలు నేర్పాడు, సైకిలు నేర్పాడు, ఇప్పుడు ఇదీ నేర్పాడు.

సత్యవాణే అంది కదా ఒక్క రాత్రి ఆగమని. శనివారం నాలుగున్నరకి ఫ్రిజ్ గుర్రుమంది, హాల్లో లైటు వెలిగింది. అతనికి చిన్నప్పటి అలవాటు, కరెంటు పోతే ముందు గుమ్మంలోకి వచ్చి మనకేనా అందరికీనా అని చూడటం, వస్తే వచ్చిందోయ్ అని వీధంతా వినబడేలా అరవడం. ఆవేళా గుమ్మంలోకే వెళ్ళాడు. వీధిలో తమ వరసకి తొమ్మిదిళ్ళకి వెలిగింది, అవతలంతా చీకటి, ఆ వెలిగిన తొమ్మిదింటిలో తెలుగువాళ్ళు తామొక్కరే. అరవలేదు. వచ్చింది అని లోపలి వాళ్ళకి మెల్లగా చెప్పాడు. గ్రూపులో అప్పటికి కరెంటున్న తెలుగిళ్ళు నాలుగే, ఒక్కో ఇంట్లో మూడేసి కుటుంబాలు సర్దుకున్నాయి, పరుపులు, పిల్లలు, బాత్రూము ముందు క్యూలు. సోమవారం ఇంటర్వ్యూ. అప్పుడే సత్యవాణి అంది, ఈ ఒక్క రాత్రికీ, రేపు పొద్దున్నే చెబుదాం. అంది కదా. అందా? జానకిరామ్ నిండిన ఫోను మీద చెయ్యి సర్దుకుని మళ్ళీ తలుచుకున్నాడు. లేదు. సత్యవాణి పొయ్యి మీద పాలు పెడుతూ, గ్రూపులో మార్తా మెసేజి తనే పైకి చదివింది. ఎవరింట్లో అయినా కరెంటుందా అండి, పాపకి దగ్గు ఎక్కువగా ఉంది, ఒక్క రాత్రికి. చదివి, రమ్మనండి, పై గది ఖాళీగానే ఉందిగా, అంది. అన్నది అదీ. ఆ ఒక్క రాత్రి ఆగుదాం అన్నది తను. ఇన్ని రోజులూ ఆ మాటని పెళ్ళాం నోట్లో పెట్టి తిప్పుతున్నాడు. పైగా ఊరుకోవచ్చు, మార్తా అడిగింది అందరినీ గానీ అతన్ని కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అందరికంటే ముందు తనే జవాబిచ్చాడు. మాకూ లేదు సిస్టర్, జాగ్రత్త. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ బొమ్మ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

అదే మెసేజి ఇంకెవరైనా పెట్టుంటే? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా అతను పక్కకి తప్పుకుంటున్నాడు, ఇవాళ ఈ ప్లాస్టిక్ కుర్చీలో తప్పుకోవడానికి చోటు లేదు. ఆఫీసు స్నేహితుడెవరో పెట్టుంటే, రారా బాబూ అనేవాడు, ఇంటర్వ్యూ ఉంది మేడ మీద గోల చేయకండి అనేవాడు, అంతే. మార్తా పేరు చూడగానే లోపల ఏదో తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. వాళ్ళు తమ వంటింట్లో తిరగడం, అల్మరాలు తెరిచి గిన్నెలు తీసుకోవడం, మెట్ల పక్కనున్న చిన్న పూజగది. ఛ, అతనికి అలాంటివేం లేవు. క్యాంటీన్లో అందరితోనూ తింటాడు, కృపారావు ఇంటికి క్రిస్మస్ కేకుకి వెళ్ళాడు, ఆయన్ని గారూ అనే పిలుస్తాడు. అలాంటివేం లేవని అనుకునేవాడికి అంత చప్పుడు లేకుండా ఆ తలుపు ఎలా పడింది? కీళ్ళకి ఎవరో ఎప్పుడో నూనె పోసే ఉంచారు.

పోసినవాళ్ళు తెలుసు. కోనసీమ తుఫాను నాటికి అతనికి పన్నెండేళ్ళు. కొబ్బరిచెట్లు తలలు తెగి మొండేలు నిలబడిన తుఫాను అది. వాళ్ళది డాబా, చుట్టూ పాకలు, పెంకుటిళ్ళు. ఆ రాత్రీ ఆ మర్నాడూ అరవై మంది తలదాచుకున్నారు, గుండిగలో అన్నం వండి వార్చి వార్చి అమ్మ చేతులు బొబ్బలెక్కాయి. ఈ కథ జానకిరామ్ చాలాచోట్ల చెప్పాడు, బాగా చెబుతాడు కూడా. మూడేళ్ళ కిందట ఉగాది పాట్‌లక్‌లో, ఇలాంటి హాల్లోనే, పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని చెబుతుంటే చుట్టూ పదిమంది చేరారు. అందరికీ తలుపులు తీశారు మా నాన్న, అన్నాడు. కృపారావు అక్కడే ఉన్నాడు, ఆయనది రేపల్లె వైపు సముద్రం ఒడ్డు, తుఫానులు ఆయనకి కొత్త కాదు. అంతా విని, నవ్వు మొహంతోనే అడిగాడు.

"పేటోళ్ళు కూడా వచ్చారా అండి?"

"ఎందుకు రాలేదండీ, అందరూ వచ్చారు."

"లోపలికా అండి, వసారా వరకా?"

జానకిరామ్ నవ్వి, లోపలికేనండి, తుఫానులో వసారా ఏంటి, అన్నాడు. కృపారావు అవునవునని తలూపి ప్లేటు పడేయడానికి వెళ్ళాడు. నిజం మాత్రం, వసారా వరకే. నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. జల్లు ఏటవాలుగా కొడుతుంటే పేటవాళ్ళు గోడకి వీపులానించి, పిల్లల్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, తెల్లవార్లూ వసారాలోనే ఉన్నారు. అన్నం మాత్రం అందరికీ ఒక గుండిగలోదే పెట్టారు, అది అబద్ధం కాదు. లోపల జాగా ఉంది. తను మంచం మీద పడుకునే ఉన్నాడు, కిటికీ సందులోంచి చూస్తే ఒకావిడ తడిసిన పైటతోనే పసిపిల్ల తల తుడుస్తోంది, తుడిచేకొద్దీ తల ఇంకా తడుస్తోంది. నాయనమ్మా, వాళ్ళని రమ్మందామా అని అడిగాడో లేదో అతనికి గుర్తులేదు. అడిగానని చాలా ఏళ్ళు నమ్మాడు.

"టేక్ యువర్ టైమ్, లాడ్," అంది వెనక గొంతు. ముసలాయన. టోపీ, పాత బొత్తాల ఫోను, ఛార్జరు తీగకి ఇన్సులేషన్ టేపు చుట్టలు. ఒక్కడే ఉంటాడట, కుక్కతో. ఎవరూ తొందరపెట్టలేదు గాబట్టే జానకిరామ్ ఇక కూర్చోలేకపోయాడు. ఫోను పీకి జేబులో వేసుకుని లేచాడు, దొంగకి తేలు కుట్టినట్టు ఎటూ చూడకుండా గోడవార నిలబడ్డాడు. నాలుగుకి పది నిమిషాలు. చెప్పాలి. ఏమని? మొన్న సోమవారం మీరు మా గుమ్మంలోకి వచ్చినప్పుడు అని మొదలుపెట్టాలి. అక్కడే ఆగిపోతున్నాడు.

సోమవారం సాయంత్రం ఆరు, బయట కాటుక చీకటి. ఇంటర్వ్యూ బాగా అయిన సంతోషంలో ఉన్నారు. కారు ఆగిన చప్పుడు విని సత్యవాణి వంటింటి లైటు ఆర్పింది, నిఖిల్ టీవీ ఆపేశాడు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు, మూడు రోజుల్లో ముగ్గురికీ కవాతులా వచ్చేసింది. జానకిరామ్ ఫోను టార్చి వేసుకుని తలుపు తీశాడు. గుమ్మంలో కృపారావు, ఒక కోటు మీద ఇంకో కోటు, చేతిలో మూతపెట్టిన డబ్బా, జానకి వెజ్ అని పైన బ్రీడా దస్తూరీ. "లిస్టులో మీ పేరుందండి, వేడిగా ఉండగా ఇచ్చి రమ్మన్నారు," అన్నాడు. చలి ఎక్కువగా ఉంది కదండీ అని కూడా అన్నాడు. గడ్డకట్టుకుపోతున్నామండి అన్నాడు జానకిరామ్. పొట్టి చేతుల టీషర్టుతో, లుంగీతో, వట్టికాళ్ళతో నిలబడి అన్నాడా మాట. ఆ సంగతి తలుపు వేసుకున్నాక గానీ అతనికి తట్టలేదు. అప్పుడు కృపారావు వెనక నుంచి పాప ముందుకొచ్చింది. "పాప ఒకసారి టాయిలెట్‌కి వెళ్తదండి, మా మోటారు ఆడట్లేదు కదా," అని ఆయన మొహమాటపడుతూ అడిగాడు. వెళ్ళమ్మా అని టార్చి ఇచ్చాడు. కృపారావు మాత్రం రాలేదు, బూట్లు బురదగా ఉన్నాయండి అని గడపవతలే ఆగి, కాళ్ళు తుడుచుకునే పట్టా వైపు చూస్తూ నిలబడ్డాడు. పిల్ల వెళ్ళింది, నీళ్ళ చప్పుడైంది, వచ్చింది. వచ్చేటప్పుడు నడవాలో రేడియేటరు దగ్గర ఆగింది. టార్చి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించింది. తీయలేదు. పది లెక్కపెట్టేంతసేపు అలాగే నిలబడి, తలతిప్పి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఒక లెక్క సరిచూసుకుంటున్న పిల్ల మొహం అది. ఆ తర్వాత చేతులు తీసి జేబుల్లో దాచుకుంది, వేడి పోకుండా. థాంక్యూ అంకుల్ అని కారెక్కింది. వాళ్ళు వెళ్ళాక సత్యవాణి లైటు వేసి, డబ్బా మూత తీసి చూసి, ఇది వాళ్ళ ముగ్గురికీ సరిపోయేదండీ అంది. అని ఫ్రిజ్‌లో పెట్టింది. ఎవరూ తినలేదు, పారేయడానికీ చేతులు రాలేదు, ఇవాళ్టికీ అక్కడే ఉంది.

పాప ఇంటికెళ్ళి చెప్పే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పకుండా ఉంటుందా, డాడీ వాళ్ళింట్లో వేడిగా ఉంది అని. అందుకేనేమో నిన్న కృపారావు దూరం నుంచే చెయ్యి ఊపాడు. లేక తొందర పనేదో ఉండి ఊపాడేమో. నిన్నంతా ఆ ఊపిన చెయ్యినే తిప్పి తిప్పి చూశాడు. తెలిస్తే మొహానే అడిగేస్తే బావుండు, నాలుగు తిట్టినా బావుండు, తిట్టించుకున్నవాడు ఇంటికి రమ్మనడం తేలిక. చెబితే ఈ రాత్రికైనా ఆ పిల్ల వెచ్చగా పడుకుంటుంది. చెబితే పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో కట్టుకున్న మంచిపేరు ఈ సూపు బల్ల దగ్గరే కూలుతుంది. రెండూ తక్కెట్లో పెట్టి ఇన్నాళ్ళు చూశాడంటేనే, ఏది మొగ్గిందో వేరే చెప్పాలా. ఇవాళ చెబుతాను. తలుపు తెరుచుకుంది.

కృపారావు నవ్వుతూ వచ్చాడు. ఒక చేత్తో చక్రాల గ్యాసు హీటరు లాక్కొస్తున్నాడు, వెనక పాప. "మాకొచ్చేసిందండి జానకిరామ్ గారూ, మధ్యాన్నం రెండింటికి. నిన్న ఇచ్చిన హీటరు ఈళ్ళదేగా, తిరిగిచ్చేద్దామని తెచ్చా. మీ షీట్లో మాది వై చేసెయ్యండి." జానకిరామ్ మంచిదండి, చాలా మంచిదండి అన్నాడు. చెప్పదలుచుకున్న మాటకి ఇక పనిలేకుండా పోయింది, ఈ రాత్రికి రండి అనడానికి ఏ రాత్రీ మిగల్లేదు. అసలు ముందుగా కలిగింది ఏమిటంటే, తేలిక. గుండె మీంచి రాయి దిగినట్టయింది. అలా అనిపించినందుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోను తీసి కృపారావు వరసలో ఎన్ చెరిపి వై పెట్టాడు, గడి పచ్చబడింది, పైన లెక్క మారింది. ఒకటి.

బ్రీడా తన లాప్‌టాప్‌లో అది చూసింది. "జస్ట్ యువర్‌సెల్ఫ్ నౌ, జానకీ. గాడ్ లవ్ యూ," అంది. ఆ మాటకి చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా తలలెత్తారు, ఎవరో అయ్యో పాపం అన్నట్టు నాలుక చప్పరించారు. ఒకావిడ సూపు కప్పు తెచ్చి చేతిలో పెట్టింది. బ్రీడా హీటరు మీద చెయ్యి వేసి, ఇంట్లో పిల్లాడున్నాడు కనక ఇది ముందు నీకే అంది, తర్వాత కాస్త సంకోచంగా ముసలాయన వైపు చూసింది. ఆయనా హీటరు కోసం నిన్నటి నుంచీ అడుగుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆయన టోపీ సర్దుకుని, "వర్క్ అవే. యూ హావ్ ద యంగ్ లాడ్," అన్నాడు, నువ్వే తీసుకో, నాకేం కుక్క ఉంది అని కూడా అన్నాడు. జానకిరామ్ నోరు తెరిచాడు. థాంక్యూ అని వచ్చింది.

హీటరు తోసుకుంటూ కారు దాకా కృపారావే తీసుకెళ్ళాడు, సాయం వద్దన్నా వినలేదు. బయట చినుకులు, జెనరేటరు పొగ. డిక్కీ ముందు ఆగి, సిలిండరు కదలకుండా చూసుకుంటూ, "నేనూ ఎనకాలే వచ్చి దింపి వెళ్తానండి, బరువుంటది," అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు, గొంతు ఏం మారలేదు. "వసారాలో పెట్టేసి వస్తా లెండి. వసారా వరకే."

జానకిరామ్ చేతిలో సూపు కప్పు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కారు పైన పెట్టాడు.

"శనివారం నుంచీ ఉందండి," అన్నాడు. "మా ఇంట్లో. మార్తాగారు మెసేజి పెట్టేటప్పటికే ఉంది."

"తెలుసండి."

"పాప చెప్పిందా?"

"పాప ఏం చెప్పలేదండి. ఆదివారం డ్యూటీకి మీ వీధిలోంచే వెళ్ళా. బాయిలర్ గొట్టంలోంచి ఆవిరొస్తంది. కరెంటు లేకుండా బాయిలర్ ఆడదు కదండి."

"తెలిసి కూడా సోమవారం భోజనం తెచ్చారా?"

"లిస్టులో పేరుందండి, ఇమ్మన్నారు, ఇచ్చాను." కృపారావు చేతులు తుడుచుకున్నాడు. "మార్తాకి చెప్పలేదు. చెబితే మీ మెసేజి తీసి మళ్ళీ చదువుకుంటది. ఎందుకులే అనుకున్నా."

తిడతాడేమోనని జానకిరామ్ నిలబడ్డాడు. తిట్టలేదు. తప్పయిపోయిందండి అన్నాడు జానకిరామ్, అది చాలదని అంటుండగానే తెలిసింది. కృపారావు పరవాలేదు అనలేదు. హీటరు వైపు చూశాడు.

"లోపల ఆ పెద్దాయన వణికిపోతన్నాడండి. ఇది ఆయనకి పోవాల్సింది. అటు పట్టండి."

చెరో వైపూ పట్టుకుని మళ్ళీ హాలు మెట్లెక్కారు. కారుకీ తలుపుకీ మధ్య ఇరవై అడుగులుంటాయి, అంత పొడుగు దారి జానకిరామ్ ఈ దేశంలో నడవలేదు. ప్రెయిస్ లోపలి నుంచి చూసి తలుపు తెరిచి పట్టుకుంది. హాలంతా ఇటు తిరిగింది. "ఇజ్ ఇట్ బ్రోకెన్, జానకీ?" అని బ్రీడా అడిగింది.

"లేదు, హీటరు బాగానే ఉంది," అన్నాడతను ఇంగ్లీషులో. తర్వాతి మాటలు కూడబలుక్కోవాల్సి వచ్చింది. "మా ఇంట్లో కరెంటుంది. శనివారం నుంచీ ఉంది. లిస్టులో లేదని పెట్టింది నేనే." కెటిల్ ఒకటి మరుగుతోంది. బ్రీడా కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, కాగితం మీద నాలుగో వరస కొట్టేసి వై అని రాసింది. రైట్, అంది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే జానకీ అన్న పిలుపు ఈసారి లేదు. ముసలాయన తన బొత్తాల ఫోను వైపు చూసుకుంటున్నాడు, ఎదుటివాడి బట్ట జారితే చూడకూడదని తల తిప్పుకున్నవాడిలా.

తలుపు ఇంకా పట్టుకునే ఉన్న పాప అతని కోటు అంచు లాగింది. అతను వంగాడు. పిల్ల అతని చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా, బడిలో స్నేహితులతో మాట్లాడే ఆ ఐరిష్ యాసలో, "ఐ డిడ్‌న్ట్ టెల్ ఎనీవన్, అంకుల్," అంది. అతన్ని కాపాడానని చెబుతోంది. "నాట్ ఈవెన్ మై మమ్." చెప్పి, ఇంత పెద్దవాడి కళ్ళలో నీళ్ళెందుకో అర్థంకాక, తలుపు వదిలేసి తండ్రి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.